పొడుగు చేతుల చొక్కా

నలభై ఏళ్ళు బట్టలు కుట్టాను. కొలతలిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోని మనిషిని ఇంతవరకూ చూడలేదు. "ఊపిరి వదలండమ్మా" అంటే "వదిలే ఉన్నాగా" అంటారు. వారం తిరక్కుండా "ఇంత బిగుతుగా కుట్టావేంటి" అని నా మీదికే పోట్లాటకొస్తారు. ఆ మాత్రం తెలివి లేదా వీళ్ళకి అని లోలోపల నవ్వుకునేదాన్ని. ఆ ఎండాకాలంతో ఆ నవ్వు వదిలిపోయింది.

ఆ ఎండాకాలం మొదట్లోనే మా ఇంటికి నర్సు వచ్చింది, నా మనవరాలి కోసం. మా అమ్మాయి కూతురు అది, ఐదేళ్ళు. ఆటిజం ఉందని మూడో ఏట డాక్టర్లు తేల్చారు. మాటలు రాలేదు. నీళ్ళంటే మాత్రం ప్రాణం. కొళాయి కానీ, బకెట్టు కానీ, రోడ్డు మీద గుంట కానీ, నీళ్ళు కనిపిస్తే చాలు, ఇక లోకంతో పని లేదు. అందుకే నేను దాన్ని చేపపిల్ల అంటాను. చలికాలంలో ఒకరోజు గడియ తీసుకుని వెళ్ళిపోయింది. గంటసేపు వెతికితే కాలవలో దొరికింది, నడుము లోతు నీళ్ళలో నిలబడి, నవ్వుకుంటూ.

ఆ సంగతి తెలిసి సంక్షేమ ఆఫీసు వాళ్ళు మూడు నెలల పాటు నర్సుని మంజూరు చేశారు. రోజూ పన్నెండు నించి ఐదు దాకా. ఆ వేళకి అమ్మాయి మిల్లులో, అల్లుడు బస్సు డ్యూటీలో ఉంటారు. మూడో నెలలో ఆఫీసరు ఇంటికొచ్చి చూస్తాడు. అవసరం ఉందనుకుంటే ఏడాది పొడిగిస్తారు, లేదంటే లేదు. లేదంటే ఆ వేళంతా చేపపిల్లకి నేనే దిక్కు. నా మోకాళ్ళు మంచం దిగడానికే మొరాయిస్తాయి, దాని వెనక పరుగేం పెడతాయి!

అల్లుడు ఆ లెక్క ముందే వేసుకున్నాడు. ఇలాంటి పిల్లల్ని ఉంచుకునే వసతి గృహం దరఖాస్తు ఒకటి తెచ్చి, తన సంతకం పెట్టి, ఫ్రిజ్ మీద ఉంచాడు. ఆరు గంటల ప్రయాణం. నెలకోసారి చూడనిస్తారట. తల్లి సంతకం చోటు ఖాళీగా ఉంది. అతన్ని రాతిగుండెవాడనుకోకండి. కాలవలోంచి దాన్ని ఎత్తుకొచ్చింది అతనే. "దూరంగా ఉన్నా పర్వాలేదు అత్తయ్యా, బతికుంటే చాలు" అన్నాడు. 

నర్సు సన్నగా, పొడుగ్గా, వెదురు కర్రలా ఉంటుంది. చేతికి పెద్ద గడియారం. వచ్చిన రోజే రెండు తలుపులకీ పైన గడియలు పెట్టించి, గంటలు కట్టింది. తలుపు కదిలితే ఇల్లంతా గణగణ. ఆ తర్వాత ఒక పుస్తకం తీసి నా ముందు పెట్టింది.

"మూడు గళ్ళున్నాయి అమ్మమ్మగారూ. ముందు ఏం జరిగింది, పాప ఏం చేసింది, తర్వాత మీరేం చేశారు. ఎన్ని నిమిషాలో కూడా వెయ్యాలి. నేనున్నంత సేపూ నా పుస్తకంలో నేను రాస్తా. నేను వెళ్ళాక జరిగేది ఇందులో మీరు రాయాలి, ఆఫీసు వాళ్ళు చదివేది ఇదే."

"భారతం రాయమంటావా ఏంటమ్మా?"

"మూడు ముక్కలు చాలు."

ఐదు దాటాక, అల్లుడు వచ్చే ఏడింటిదాకా, ఇంట్లో నేనూ చేపపిల్లే. ఆ రెండు గంటలూ రోజుకో యుద్ధం. కొళాయి కట్టేస్తే కేకలు, తల గోడకేసి కొట్టుకోవడం, అడ్డం వెళితే కొరకడం. అంతా అయ్యాక నేను చెమట తుడుచుకుని, పుస్తకం తెరిచి, నా గుండ్రటి చేతిరాతతో రాసేదాన్ని: "బాగానే ఉంది." మర్నాడు కూడా "బాగానే ఉంది." ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా? ముక్కూ మొహం తెలీని వాళ్ళు చదివే పుస్తకంలో నా మనవరాలు కరుస్తుందని నా చేత్తో నేనెలా రాస్తాను?

మూడు వారాలు చూసింది గడియారం. నేను ఆవిడకి పెట్టుకున్న పేరు అది. "మీ చేతిరాత ముత్యాల్లా ఉంది అమ్మమ్మగారూ. విషయమే కనపడట్లేదు" అంది.

నేను మాత్రం చేతులు కనపడకుండా జాగ్రత్త పడ్డాను. మణికట్టు దాకా చేతులున్న చొక్కాలు నాలుగు కుట్టుకున్నాను, గుండీలతో సహా. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది, నేను ఆ చొక్కాల్లో ఉడికిపోతున్నాను.

"ఇంత ఎండలో పొడుగు చేతులేంటండీ?" అంది ఒకరోజు.

"దోమలు."

ఆవిడ నా మణికట్టు వైపు చూసింది. గుండీ పక్కన కొంచెం బయటపడినట్టుంది. "దోమలకి పళ్ళుంటాయా?" అంది.

నేను మిషను తొక్కడం మొదలుపెట్టాను, గట్టిగా, వినపడనట్టు.

కోపం వచ్చిన మాట నిజమే కానీ, పని మాత్రం వచ్చు ఆ మనిషికి. కొళాయి బొమ్మ ఉన్న అట్టముక్క ఒకటి చేసింది. చేపపిల్ల ఆ అట్ట తెచ్చి చేతిలో పెడితే నీళ్ళు వదులుతుంది. కేకలేస్తే వదలదు. మొదటి వారం ఇల్లు ఎగిరిపోయింది. "ఇస్తే పోయేదానికి ఎందుకమ్మా పసిదాన్ని ఏడిపిస్తావు" అని నేను ఆవిడ మీద లేచాను. "ఇవాళ నేను ఏడిపించకపోతే, రేపు కాలవ ఏడిపిస్తుంది" అంది, గడియారం మీంచి కళ్ళెత్తకుండానే. ఐదో వారంలో ఒక మధ్యాహ్నం చేపపిల్ల పరుగున వచ్చి, ఏడవకుండా, అట్ట తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. నేను మిషను ఆపేశాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, టైము చూసి, రాసుకుంది.

దానికి గుండీలు పెట్టుకోవడం నేర్పే పని మాత్రం సాగలేదు. నా పాతగుడ్డల్లోంచి ఒక ముక్కకి నేనే కాజా తీసి, పెద్ద గుండీ కుట్టిచ్చాను. రోజూ పది నిమిషాలు కూర్చోబెట్టేది. చేపపిల్ల గుడ్డ అంచులు సరిచేస్తుంది, అంతే. మడత కనపడితే ఊరుకోదు, లాగి, అరచేత్తో నిమిరి, సాపు చేస్తుంది. గుండీని చూస్తుంది, వదిలేస్తుంది. "తొందరేం లేదు" అనేది గడియారం. ఆవిడ నోట ఆ మాట వింటే నాకు నవ్వొచ్చేది.

పదో వారంలో ఫోనొచ్చింది. గురువారం పదకొండింటికి ఆఫీసరు వస్తున్నాడు, కుటుంబం మాత్రమే ఉండాలి, ఆ రోజుకి నర్సు రాకూడదు, అది నియమం.

బుధవారం వెళ్ళబోతూ గడియారం గుమ్మంలో ఆగింది. "రేపు ఇల్లు ఎప్పుడూ ఉన్నట్టే ఉంచండి అమ్మమ్మగారూ."

"ఎప్పుడూ ఉన్నట్టు ఉంచితే మనుషులు కూర్చుంటారా తల్లీ?" అన్నాను.

పొద్దున్నే లేచి ఇల్లు కడిగాను. తల కొట్టుకున్నచోట గోడకి పెచ్చులూడాయి. దాని మీద కేలండర్ వేలాడదీశాను. గోడకి పెట్టిన కొళాయి అట్టా, తర్వాత ఆవిడ చేసిన మిగతా అట్టలూ సొరుగులో పడేశాను. తలుపులకి గంటలేంటి, పశువుల కొట్టమా అనుకుంటాడని రెండూ విప్పి దారాల డబ్బాలో దాచాను. చేపపిల్లని ఎనిమిదింటికి తొట్టిలో కూర్చోబెట్టి, పదిన్నర దాకా తియ్యలేదు. తనివితీరా నీళ్ళల్లో ఆడి, మెత్తబడి, మగతగా ఉంది. కొత్త గౌను తొడిగాను.

"అమ్మా, ఇదంతా అవసరమా?" అంది అమ్మాయి. సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది.

"నీ కూతుర్ని ఎవరైనా వేలెత్తి చూపిస్తే నీకు బాగుంటుందా?"

 అమ్మాయే వెళ్ళి కేలండర్ సరిగ్గా మధ్యకి జరిపింది. నా కూతురే కదా మరి.

ఆఫీసరు మర్యాదస్తుడు. కళ్ళజోడు, మెత్తని గొంతు. గంటసేపు కూర్చున్నాడు. ఆ గంటా చేపపిల్ల నా మిషను కింద కూర్చుని దారపు రీళ్ళు రంగుల వారీగా పేర్చుకుంది. బొమ్మలా ఉంది.

"నిద్ర పోతుందా అండీ?"

"హాయిగా పోతుంది బాబూ."

"కొట్టడం, కొరకడం?"

"అబ్బే."

"బయటికి పరుగెడుతుందా?"

"ఆ ఒక్కసారే. ఇప్పుడు మానేసింది."

పుస్తకం తిరగేశాడు. బాగానే ఉంది, బాగానే ఉంది, బాగానే ఉంది. "సంతోషమండీ" అని లేచాడు. అతను మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాను. గట్టెక్కాం అనుకున్నాను. మధ్యాహ్నం అమ్మాయి సగం పూటకైనా వెళ్ళొస్తానని మిల్లుకి పోయింది.

సాయంత్రం హుషారుగా మిషను ముందు కూర్చున్నాను. ఒక పొడుగాటి అంచు కుడుతున్నాను. అంచు అయ్యాక చూస్తే రీళ్ళు ఉన్నాయి, చేపపిల్ల లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది, దాని కింద ముక్కాలిపీట. గంట మోగలేదెందుకు అని ఒక్క క్షణం ఆలోచించాను చూడండి, అంత బుద్ధితక్కువ మనిషిని. గంట దారాల డబ్బాలో ఉంది.

చెప్పులు కూడా వేసుకోలేదు. ఎడమకా, కుడికా? ఎడమకి వెళితే కాలవ. కుడికి వెళితే పెద్దరోడ్డు. కాలవ వైపు నాలుగడుగులు వేశాక, రోడ్డు అవతల పెట్రోలు బంకులో కార్లు కడిగే చప్పుడు వినపడింది. దానికీ వినపడి ఉంటుంది. వెనక్కి తిరిగాను. లారీలు, బస్సులు ఆగకుండా పోతున్నాయి. ఆ బస్సుల్లో ఏది నా అల్లుడిదో నాకు తెలీదు. చెయ్యి అడ్డం పెట్టి దిగిపోయాను. ఎవడో బ్రేకు వేసి తిట్టాడు. తిట్టనీ, చచ్చేలోపు దాన్ని చూస్తే చాలనుకున్నాను.

అక్కడే ఉంది. కార్లు కడిగేవాడు గొట్టం పట్టుకుని నీళ్ళు పైకి చిమ్ముతుంటే, కింద నిలబడి మొహం ఎత్తింది. కొత్త గౌను ఒంటికి అంటుకుపోయింది. "మీ పిల్లేనా పెద్దమ్మా? రోడ్డు మధ్యలోంచి నడిచొచ్చింది. మా వాళ్ళు బళ్ళు ఆపారు" అన్నాడు. లాక్కొస్తుంటే నా ముంజేయి కొరికింది, ఎముకదాకా. కొరకనిచ్చాను.

ఏడింటికల్లా బట్టలు మార్చి, తల తుడిచి, గంటలు మళ్ళీ కట్టాను. అల్లుడు వచ్చి "ఎలా ఉంది అత్తయ్యా?" అన్నాడు. పుస్తకం తెరిచి చూపించాను. బాగానే ఉంది.

తొమ్మిది రోజులకి ఉత్తరం వచ్చింది. అమ్మాయి పైకి చదివింది. "కుటుంబం నమోదు చేసిన వివరాలను, ప్రత్యక్ష పరిశీలనను బట్టి, బాలిక పరిస్థితి నిలకడగా ఉన్నది. నర్సు సేవ ఈ నెలాఖరుతో ముగియును." పదిహేను రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

 అల్లుడు ఫ్రిజ్ మీది కాగితం తీసి బల్ల మీద పెట్టి, పక్కన పెన్ను పెట్టాడు. అమ్మాయి పెన్ను వంక చూస్తూ కూర్చుంది. "ఉద్యోగం మానేస్తా" అంది. "మానేస్తే మాత్రం? నువ్వు స్నానానికి వెళ్ళిన ఐదు నిమిషాలు చాలు దానికి" అన్నాడు అతను. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ అరిచేదాన్ని.

మర్నాడు మధ్యాహ్నం గడియారానికి ఉత్తరం చూపించాను. చదివి, మడిచి, నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆయనకి మంచిరోజు చూపించారు. వాళ్ళు కొలిచేది చెడ్డరోజుని అమ్మమ్మగారూ. ఎంత చెడ్డదైతే అంత సాయం."

నా చేతిలో టేపు ఉంది. టేపు వైపు చూశాను. నలభై ఏళ్ళుగా నేనంటున్న మాటే. ఇంటిల్లిపాదిమీ ఊపిరి బిగబట్టి కొలతలిచ్చాం. ఇక బిగుతంటే ఎవరితో పోట్లాడతాం?

అప్పుడు చెప్పాను ఆవిడకి, గంటల సంగతి, పెద్దరోడ్డు, పెట్రోలు బంకు, అంతా. విన్నంతసేపూ ఆవిడ చేతి గడియారం చూసుకోలేదు.

"రాయండి" అంది.

"రాస్తే అల్లుడికి తెలుస్తుంది. తెలిస్తే ఆ కాగితం మీద సంతకం పెట్టించేస్తాడు."

"రాయకపోతే నెలాఖరు నించి నేను రాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రాత్రి సగం పేజీ రాశాను. మూడు గళ్ళూ నింపాను. మొదటి గడిలో "ముందు ఏం జరిగింది" అన్నచోట "అమ్మమ్మ గంటలు విప్పింది" అని రాశాను. ఆ మూడు మాటలు రాయడానికి పట్టినంతసేపు నాకు పెళ్ళిబట్టలు కుట్టడానికి కూడా పట్టలేదు. ఆ తర్వాత రోజూ రాశాను. మంగళవారం: తల గోడకి, ఇరవై నిమిషాలు. బుధవారం: మూడుసార్లు కొరికింది. గురువారం: అట్ట తెచ్చి ఇచ్చింది, కేక లేదు. పుస్తకం మాత్రం ఎవరికీ చూపించలేదు.

అభ్యంతరం పెట్టుకున్నాం. నెలాఖరుకి మూడు రోజుల ముందు అదే ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. ఈసారి అల్లుడు కూడా ఉన్నాడు. కేలండర్ తీసేశాను. గంటలు మోగుతుండగా ఆఫీసరు లోపలికొచ్చాడు. అట్టలు గోడకే ఉన్నాయి. చేపపిల్ల మిషను కింద ఉంది.

"చెప్పండమ్మా" అన్నాడు అమ్మాయితో. "పోయినసారికీ ఇప్పటికీ ఏం మారింది?"

అమ్మాయి నోరు తెరిచింది. అలవాటు నాలుకనెక్కడికి లాక్కుపోతుందో నాకు తెలుసు. "అంటే... బాగానే..." అంది.

నేను కుడిచేతి గుండీ విప్పాను. మోచేతి దాకా మడిచి, చెయ్యి అతని కాగితాల మీద పెట్టాను. పాతవి పసుపు, మధ్యవి నీలం, కొత్తది ఇంకా ఎర్రగానే ఉంది.

"పోయినసారి మీకు నేను అబద్ధం చెప్పాను బాబూ. ఏమీ మారలేదు. ఊపిరి వదిలేస్తున్నాను, ఇప్పుడు కొలవండి."

పుస్తకం ఇచ్చాను. బంకు సంగతి నోటితోనే చెప్పాను, ఎక్కడా ఆగకుండా, ఆగితే మళ్ళీ చెప్పలేనని. అల్లుడి మొహం వంక చూడలేదు. అతను కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చోవడం మాత్రం వినపడింది. "అమ్మా!" అంది అమ్మాయి, ఊపిరాడనట్టు. ఆఫీసరు రాస్తున్నాడు. కరుస్తుంది, తల కొట్టుకుంటుంది, ప్రమాదం తెలీదు, నేను పరుగెత్తలేను. ఒక్కొక్కటీ చెబుతున్నాను. చెబుతుంటే తెలిసింది, అది అక్కడే ఉంది. మాటలు రావు కానీ చెవులున్నాయి కదా దానికి. దాన్ని నా దగ్గర ఉంచుకోడానికి, దాని ముందే, దాని మీద ఒక పరాయి మనిషికి చాడీలు చెబుతున్నాను. 

మిషను కింద రీళ్ళ చప్పుడు ఆగింది. చేపపిల్ల పాక్కుంటూ వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. నా చేతి వంక చూసింది. మచ్చల వంక కాదు, మడత వంక. మడత పట్టుకుని లాగింది. చొక్కా చెయ్యి కిందికి దించి, అరచేత్తో నిమిరి, సాపు చేసింది. మణికట్టు దగ్గర రెండు అంచులూ కలవలేదు. గుండీ చూసింది. ఒకసారి జారింది. రెండోసారి జారింది. మూడోసారి కాజాలోంచి గుండీ ఇవతలికి వచ్చింది.

 ఆఫీసరు పెన్ను గాల్లో ఆగిపోయింది. పన్నెండు వారాలుగా రానిది ఇవాళే, ఈ మనిషి ముందే వచ్చిందా! సంతోషించేలోపే భయం పట్టుకుంది. అది అన్నీ చేసుకోగలదు, ఇంక నర్సెందుకని రాసేస్తే?

అమ్మాయి నా వైపు చూసింది. అల్లుడూ చూశాడు. ఆఫీసరు మెల్లగా అడిగాడు, "ఇదీ రాయమంటారా అమ్మగారూ?"

"రాయండి" అన్నాను. "ఉన్నదంతా రాయండి. మూడోసారికి వచ్చిందని రాయండి."

ఇరవై రోజులు పట్టింది ఉత్తరానికి. ఆ ఇరవై రోజుల్లో నెలాఖరు వచ్చింది, గడియారం వెళ్ళిపోయింది. అల్లుడు తన వేళలు మార్చుకుని, మధ్యాహ్నాలు నాతో పాటు ఇంట్లో ఉండి, తలుపుకి కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఒకరోజు మాత్రం, "ఆ రోడ్డు మీద వెళ్ళిన బస్సుల్లో నాది కూడా ఉండి ఉంటుంది అత్తయ్యా" అన్నాడు.  ఏడాది పొడిగించామని ఉత్తరం వచ్చిన రోజు, బల్ల మీది కాగితం అతనే తీశాడు. ఎక్కడ పెట్టాడో నేనడగలేదు.

సోమవారం పన్నెండింటికి గంటలు గణగణ మోగాయి. గడియారం లోపలికొస్తూనే నా చేతుల వైపు చూసింది. మోచేతుల పైకి పొట్టి చేతులు, మచ్చలన్నీ బయటికే.

"దోమలు తగ్గాయా?" అంది.

"లేదు. ఉక్కపోస్తోందని కత్తిరించేశా."

నాలుగు చొక్కాల్లో మూడే కత్తిరించాను. నాలుగోది ఆఫీసరు రెండోసారి వచ్చిన రోజు తొడుక్కున్నది. ఆ సాయంత్రం గుండీ విప్పకుండానే చెయ్యి లాక్కున్నాను, ముంజేయి చీరుకుపోయినా సరే. అలమారులో ఉంది ఇప్పటికీ. పెట్టిన గుండీ పెట్టినట్టే ఉంది.